మంచు లేని కాలమున మంచుక్రీడాభ్యాసము

మన రాజపాళయమున మంచు కురియదు. కార్తికమాసపు ప్రాతఃకాలమున సంజీవికొండ నడుమును చుట్టుకొని నిలుచు తెల్లని మబ్బును చూచి పిల్లలు మంచనుకొందురుగాని, ఎండ పొడమిన కొంతసేపటికే అది మాయమగును. అట్టి యూరిలో మంచుమీద జారు క్రీడను గూర్చి, అదియును ఆ క్రీడ యాడ వీలులేని కాలమున ఇంటిలో చేయదగిన అభ్యాసమును గూర్చి, పాఠశాల వార్షిక సంచికలో వ్యాసము వ్రాయుట కొందరకు వింతగా తోచవచ్చును. ఇందులకు కారణము మా యింటిలో జరిగిన యొక చిన్న ప్రమాదము.

2022వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో చైనాదేశపు బీజింగు నగరమున శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను. పాత ఉక్కు కర్మాగారపు పెద్ద గోపురముల ప్రక్కన కట్టిన యెత్తైన జారుడుబల్లవంటి కట్టడమునుండి క్రీడాకారులు కాళ్లకు పొడవైన పలకలు తగిలించుకొని దూకి, గాలిలో బొంగరమువలె తిరిగి, మరల కాళ్లమీదనే దిగుచుండిరి. ఎయిలీన్ గూ అను పదునెనిమిదేండ్ల బాలిక అచ్చట స్వర్ణపతకము గెలుచుకొనెను. మా చిన్నవాడు దానిని టెలివిజనులో కన్నార్పక చూచెను. మరునాడు పెద్దలు దగ్గర లేని వేళ కనిపెట్టి, వంటింటి రోకలిని నేలమీద అడ్డముగా పరుండబెట్టి, అటకనుండి దింపిన పలక నొకటి దానిపై వేసి, ఎక్కి నిలుచుండెను. ఎర్రసిమెంటు నేల. రోకలి దొర్లెను, పలక ముందుకు పోయెను, వాడు వెనుకకు పడుచు చేతిని నేల కానించెను. ఎముక విరుగలేదు గాని మణికట్టు మూడు వారములు కట్టుతో నుండెను.

ఆ దినమున మా యింట రెండు పక్షములేర్పడెను. వాడిక గంతులే వేయరాదని వాని నాయనమ్మ. పట్టణమునుండి మంచి పరికరములు తెప్పింతమని నేను. కొన్ని దినములు గడచిన పిమ్మట మేమిరువురమును పొరబడితిమని తెలిసికొంటిని. గంతులు మానుమన్న పిల్లవాడు మనకు కనబడని చోట గంతులు వేయును. విలువైన పరికరము కొన్నంతమాత్రమున నేల మెత్తబడదు. వాడు చేయదలచిన పనిలో తప్పులేదు. పలక క్రింద రోకలి హద్దు లేక దొర్లుటయు, పడుచోట గట్టినేల యుండుటయు తప్పు. ఆ రెంటిని సరిదిద్దుటకు మన యిండ్లలో ఎట్టి యేర్పాటు చాలునో తలిదండ్రుల కిచట మనవి చేయుదును.

ముందు ఆ క్రీడను గూర్చి కొంచెము. కాళ్లకు స్కీలను పలకలు తగిలించుకొని మంచువాలులమీద జారుట శీతదేశములందు పూర్వమునుండి కలదు. జారుటతో తృప్తిపడక, గుట్టలు దాటుచు, ఎగురుచు, గాలిలో తిరుగుచు, ఇనుప కమ్ములమీద అడ్డముగా జారుచు చేయు విన్యాసమునకు ఫ్రీస్టైల్ స్కీయింగు అని పేరు. ఇది 1992లో ఫ్రాన్సు దేశపు ఆల్బర్‌విల్ క్రీడలలో మొదటిసారి ఒలింపిక్ పతకమునకు అర్హమాయెను. గాలిలో పల్టీలు కొట్టు పోటీ 1994లోను, కమ్ములు మెట్లు గల బాటపై చేయు పోటీ 2014లోను చేర్చబడినవి. మన దేశమున కాశ్మీరమందలి గుల్మార్గు, ఉత్తరాఖండమందలి ఔలీ స్కీయింగునకు ప్రసిద్ధములు. అచ్చటనైనను మంచు కొద్దినెలలే నిలుచును. తక్కిన కాలమున ఆటగాడు ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు మంచుదేశములవారు చెప్పిన సమాధానములు చూడ ముచ్చటగా నుండును. అమెరికాలోని యూటా రాష్ట్రమున పార్క్ సిటీ యను నూరికడ కొండవాలున ప్లాస్టికు కుచ్చులు పరచి, వానిని నీటితో తడుపుచు, వాలు చివర నొక పెద్ద కొలను కట్టిరి. ఎండకాలమున ఆటగాండ్రు స్కీలతోనే జారివచ్చి, గాలిలో తిరిగి, నీటిలో పడుదురు. నీరుకూడ వేగముగా పడువానికి గట్టినేలవలె తగులును గనుక, కొలను అడుగునుండి గాలిబుడగలు పంపి నీటిని నురుగువలె మెత్తపరతురు. ట్రాంపొలీనను సాగుడువస్త్రపు చట్రము మరియొక సాధనము. అమెరికాలోని అయోవా రాష్ట్రమునకు చెందిన జార్జి నిస్సెను అనునతడు బాల్యమున సర్కసులో ఊయలవిన్యాసకులు క్రింది వలలో పడి మరల ఎగురుట చూచి, 1930 ప్రాంతములందు దానిని కల్పించెను. 2000 సంవత్సరపు సిడ్నీ క్రీడలలో అదియే ఒక ఒలింపిక్ క్రీడ యయ్యెను. ఇంకను కొందరు ఇంటి పెరటిలో కృత్రిమపు గడ్డిచాప పరచి, ప్లాస్టికు గొట్టమునొకదానిని తక్కువ యెత్తున బిగించి, దానిమీద అడ్డముగా నిలిచి జారుట నేర్చుకొందురు. కొలను గాని, వల గాని, చాప గాని, అన్నిటిలోను వరుస యొక్కటే. మొదట పడుటకు చోటు కల్పింతురు. ఎగురుట ఆ తరువాత.

మన దేశమున ధనము తక్కువగుటచే ఈ పని వేరుదారిలో నడచినది. హిమాలయములందు మనాలి దగ్గరి వశిష్ఠగ్రామమునకు చెందిన శివ కేశవన్ లూజ్ అను మంచుబండి క్రీడలో 1998 మొదలు 2018 వరకు ఆరు ఒలింపిక్ క్రీడలలో పాల్గొనెను. మన దేశమున ఆ క్రీడకు తగిన మంచుబాట లేకపోవుటచే, బండికి చక్రములు బిగించి కొండరోడ్లమీద అభ్యసించెను. ఎదురుగా లారీలు, గొఱ్ఱెలమందలు. అట్లు సాధన చేసి 2011లో జపానునందలి నగానోలో ఆసియా కప్పు స్వర్ణము గెలిచెను. (ఈ కథ పిల్లలకు చెప్పునప్పుడు రోడ్డు భాగమును కొంచెము తగ్గించి చెప్పుడు.) త్రిపురలోని అగర్తలకు చెందిన దీపా కర్మాకరు మొదటి దినములలో వాడిన దూకుడుపలకను ఆమె గురువు బిశ్వేశ్వర నంది పాత స్కూటరు భాగములతో చేయించెను. ఆమె 2016లో రియో క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచెను, కాంస్యపతకము 0.15 పాయింట్లలో తప్పిపోయెను.

మనకు మరింత దగ్గరివారు భవానీదేవి. తండ్రి ఆంధ్రదేశమున కాకినాడ సమీపమందలి సామర్లకోటనుండి చెన్నపట్టణము వచ్చి స్థిరపడిన అర్చకులు. మనవలెనే తమిళదేశమున పెరిగిన తెలుగింటి ఆడుబిడ్డ. బడిలో కత్తిసాము నేర్చుకొనునప్పుడు విద్యుత్తుతో పనిచేయు అసలు కత్తులు చాల ఖరీదగుటచే అవి పోటీలకు దాచి, సాధన వెదురుకఱ్ఱలతో చేసిరి. 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలకు అర్హత పొంది, ఆ క్రీడలో మన దేశమునుండి వెళ్లిన మొదటి వ్యక్తి యయ్యెను. మొదటి పోటీలో ట్యునీసియా క్రీడాకారిణిని 15–3 తేడాతో ఓడించి, రెండవ పోటీలో ఫ్రాన్సు క్రీడాకారిణి చేతిలో 7–15గా ఓడెను. వెదురుకఱ్ఱ చేతికి పట్టును, పాదమునకు కదలికను, కంటికి దూరపు అంచనాను నేర్పును. కత్తియందలి విద్యుత్తొక్కటే అది నేర్పజాలదు. ఏ సాధనమునకు బదులుగా ఏది వాడవచ్చునో నిర్ణయించుకొనుటకు ఇదియే కొలత. మనము నేర్పదలచిన విద్యలో ఏ యంశము ఆ బదులువస్తువుచే నేర్పబడుచున్నదని అడుగవలెను.

స్కీక్రీడలో మంచు లేకయే నేర్వదగినవి ముఖ్యముగా మూడు కలవు: కదలు పలకమీద తూకము నిలుపుట, గాలిలో దేహమును త్రిప్పుట, నేలకు దిగుట. వీనిలో దిగుటయే పెద్దది. కావున దానిని కొంచెము లెక్కతో చెప్పుదును. ఏడవ తరగతి పిల్లవాడుకూడ దీనిని చేయగలడు.

ఒక పిల్లవాడు 30 సెంటీమీటర్ల, అనగా ఒక అడుగు, ఎత్తునుండి దూకెననుకొందము. వాడు నేల తాకినది మొదలు దేహము పూర్తిగా ఆగువరకు మరికొంత క్రిందికి దిగును. మోకాళ్లు బిగించి నిటారుగా దిగినచో ఆ దిగుబాటు 3 సెంటీమీటర్లకు మించదు. మోకాళ్లు, తుంట్లు, చీలమండలు వంచి మెత్తగా దిగినచో 30 సెంటీమీటర్లుండవచ్చును. పడిన యెత్తును ఆగిన దూరముచే భాగించి, ఒకటి కలిపిన యెడల, కాళ్లమీద సగటున ఎన్నిరెట్ల బరువు పడునో తెలియును. మొదటి వానికి 30ని 3చే భాగింప 10, ఒకటి కలుప 11 రెట్లు. రెండవ వానికి 2 రెట్లు. పిల్లవాని బరువు 30 కిలోగ్రాములైనచో, ఒకనికి 330 కిలోగ్రాముల బరువు మోకాళ్లపై పడినట్లు, మరియొకనికి 60 పడినట్లు. ఎత్తు ఒక్కటే, నేల ఒక్కటే, వంగుట మాత్రమే వేరు. ఏ పరుపును ఇంతటి సహాయము చేయజాలదు.

ఎత్తును గూర్చియు ఒక లెక్క కలదు. నేలనుండి 20 సెంటీమీటర్లు ఎగిరినవాడు గాలిలో సుమారు 0.4 సెకండ్లుండును. ఆ కాలమును రెండింతలు చేయవలెనన్నచో 80 సెంటీమీటర్లు, అనగా నాలుగింతల యెత్తు ఎగురవలెను. దిగునప్పటి తాకిడి శక్తియు నాలుగింతలగును. కావున ఎత్తు పెంచి తిరుగుటకు కాలము సంపాదించుట ఖరీదైన బేరము. అంతకంటె చేతులు దగ్గరకు ముడుచుకొనుట చౌక. పిల్లవానిని తిరుగుడు కుర్చీలో కూర్చుండబెట్టి, రెండు చేతులయందు నీళ్లసీసాలిచ్చి, చేతులు చాపించి మెల్లగా త్రిప్పుడు. తిరుగునప్పుడు చేతులు రొమ్మునకు చేర్చుమనుడు. వేగము హెచ్చును; మరల చాపిన తగ్గును. బీజింగులో ఆ బాలిక గాలిలో చేసిన పనియందు ఇదియే సూత్రము.

ఇక నిర్మాణము. అభ్యాసస్థలము క్రింది అంతస్తులో నుండవలెను. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు చాలును. ఆశ్వయుజ కార్తికములందు వానలు పట్టి పిల్లలు మైదానమునకు పోలేని దినములలో దీని యుపయోగము ఎక్కువ గనుక, జల్లు కొట్టని గది మంచిది. తడిసిన నేల పనికిరాదు. బల్లమూలలు, కిటికీ కడ్డీలు, పైన తిరుగు పంకా, వీనిని ముందు చూచుకొనవలెను. పంకా ఆపి, పిల్లవానిని ఎగిరి చేయి చాపుమనుడు. పంకా రెక్కకును వాని వ్రేలికొసకును మూడడుగులైన ఎడము లేనిచో ఆ గది వద్దు.

మొదట చేయవలసినది పరుపు. ఇందు నేనొక తప్పు చేసితిని. మెత్తనైనకొలది మంచిదని యెంచి బూరుగుదూది పరుపు వేసితిని. వాడు దూకగా పాదము ఒక ప్రక్కకు దిగబడి చీలమండ బెసికినది. కాళ్లమీద దిగుటకు ఎక్కువ మెత్తనిది పనికిరాదని అప్పుడు తెలిసెను. పాదము ఒరుగక నిలుచునంత గట్టిదనము, తాకిడిని పుచ్చుకొనునంత మెత్తదనము కావలెను. బిగువుగా నొత్తిన కొబ్బరిపీచు పరుపు, నాలుగంగుళముల మందము గలది, ఇందులకు సరిపోవును. నున్నని సిమెంటు నేలమీద పరుపు జారును గనుక క్రింద రబ్బరు చాప పరచవలెను. పైన జంపఖానా వేసినచో దాని అంచులను నాలుగువైపుల పరుపు క్రిందికి మడచి కుట్టవలెను. వదులుగా నున్న జంపఖానాయే ఒక రోకలి. బూరుగుదూది పరుపును పారవేయనక్కరలేదు. వెనుకకు పడుట నేర్పుటకు దానికంటె మంచిది లేదు.

రెండవది తూకపుపలక. మా వీధి ఆచారి దీని కొలతలు విని, "అయ్యా, ఇది పీటయా, ఊయలపలకయా?" అని యడిగెను. రెండును కాదని చెప్పుటకు నాకు కొంత కాలము పట్టినది. ముప్పాతిక అంగుళము మందము గల ప్లైవుడ్డు, 30 అంగుళముల పొడవు, 11 అంగుళముల వెడల్పు. మూలలు గుండ్రముగా కోసి, గరుకు కాగితముతో రుద్దవలెను. దీని క్రింద దొర్లుటకు నాలుగంగుళముల పి.వి.సి. గొట్టపు ముక్క, పలక వెడల్పంత పొడవు గలది. మురుగునీటి గొట్టము పలుచనిది, బరువునకు అణగును. మంచినీటికి వాడు దళసరి గొట్టమే కావలెను. చిన్నపిల్లలకు రెండున్నర అంగుళముల గొట్టము చాలును.

పలకకు ప్రాణము అడుగున బిగించు రెండు కొయ్యబద్దలలో నున్నది. అంగుళము మందము గల ఈ బద్దలు గొట్టమును దాటిపోనీయక ఆపును. వీనిని ఒకేచోట బిగింపక, పలకలో వరుసగా రంధ్రములు పెట్టించి, మరబోల్టులతో జరుపుటకు వీలుగా నుంచవలెను. మొదటి నెలలో రెండు బద్దల నడుమ ఎడము ఎనిమిదంగుళములు మాత్రమే. గొట్టము కదలీ కదలక యుండును. పిల్లవాడు ఒక నిమిషము స్థిరముగా నిలువగలిగిన పిమ్మట రెండేసి అంగుళములు జరుపుచు రావలెను. చివరకు బద్దలు పలక కొనలకు మూడంగుళముల దూరమున నుండును. బోల్టు తలలు పలకమీద పైకి లేవరాదు, పాదమునకు గీచుకొనును. గొట్టమునకు ముందు కొన్ని దినములు బిగువుగా చుట్టిన గోనెసంచిని క్రింద నుంచి నిలుచుట నేర్పినచో భయము పోవును. గోడకు రొమ్మెత్తున ఒక కఱ్ఱ బిగించియున్నచో పట్టుకొనుటకు ఆధారముండును.

మూడవది దూలము. వ్యాయామక్రీడలలో వాడు దూలము 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల యెత్తు. మనము ఆ వెడల్పు మాత్రము ఉంచుకొని, ఎత్తును విడిచిపెట్టవలెను. పాత తలుపుచట్రపు కొయ్య ఎనిమిదడుగులది దొరకినచో, నాలుగంగుళముల ముఖము పైకి వచ్చునట్లు పరుండబెట్టి, రెండు కొనల క్రింద అడుగున్నర పొడవుగల అడ్డకొయ్యలు బిగించిన చాలును. నేలనుండి అయిదారు అంగుళములకు మించనక్కరలేదు. దీనిమీద మొదట నడక. తరువాత అడ్డముగా తిరిగి నిలుచుట. ఆ పిమ్మట నేలనుండి చిన్న గంతుతో పావు చుట్టు తిరిగి అడ్డముగా దిగి నిలుచుట. కమ్మిమీద స్కీ ఆటగాడు చేయు పని ఇదియే. నాలుగవది ఒక మెట్టు. ఆరంగుళముల పెట్టె, తరువాత అడుగు పెట్టె. అంతకు మించి మా యింట లేదు, ఉండబోదు.

అభ్యాసము ఉత్తపాదములతో చేయవలెను. మేజోళ్లు జారును. దినమునకు 20 నిమిషములు, వారమునకు మూడు నాలుగు దినములు చాలును. అలసిన పిల్లవాడు మోకాళ్లు లోనికి వ్రాల్చి దిగును. అది కనబడిన వెంటనే ఆ దినమునకు ఆపివేయవలెను. పలకమీద నిలుచునప్పుడు చూపు పాదములమీద గాక, ఎదుటి గోడపై కంటి యెత్తున గీచిన సుద్దగుర్తుమీద నుండవలెను. ఒకసారి ఒక్కరే ఎక్కవలెను.

పడుట వేరుగా నేర్పవలెను. మొదటి వారమంతయు మా చిన్నవాడు పడుట తప్ప మరేమియు చేయలేదు. గడ్డము రొమ్మునకు చేర్చి, మోచేతులు వంచి, చేతులు రొమ్ముపై ముడిచి, పిరుదులమీదుగా వీపుపై దొర్లవలెను. చాచిన చేయి నేల కానించుటచేతనే వానికి మణికట్టు బెసికినది. ఆ చేయి తనంతట తాను ముందుకు పోకుండ నేర్చుకొనుటకు వానికి పదునైదు దినములు పట్టినది.

తలిదండ్రులకు ఈ క్రీడ తెలియనక్కరలేదు. దిగుట సరిగా నున్నదో లేదో చెవితో తెలియును. కాళ్లు బిగించి దిగినవాడు ధబ్బున దిగును. మోకాళ్లు వంచి, మునివ్రేళ్లు ముందు మోపి, తరువాత మడమ మోపి దిగినవానికి చప్పుడు రాదు. ప్రక్కగదిలో బియ్యము ఏరుచు కూర్చున్నవారును పరీక్షింపవచ్చును. చప్పుడు లేక వరుసగా పది పర్యాయములు దిగిన పిమ్మటనే పెట్టె యెత్తు మార్చవలెను.

పల్టీలు ఇంటిలో వలదు. తలక్రిందులగు విద్యకు గురువును, నురుగు గుంటయు, చేతితో పట్టువారును కావలెను. మెడకు తగిలిన దెబ్బకు మరల అవకాశము లేదు. ఇంటి పెరటిలో ట్రాంపొలీను పెట్టుటకును నేను సమ్మతింపను. అమెరికాలోని శిశువైద్యుల సంఘము ఇండ్లలో దాని వాడుక వలదని చెప్పుచున్నది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఎగురునప్పుడే ఎక్కువ గాయములు కలుగుచున్నవని వారి పరిశీలన. మన యిండ్లలో ఒక పిల్లవాడు ఎగురునప్పుడు మిగిలినవారు దూరముగా నిలుచుందురని ఎవరు నమ్మగలరు?

ఈ యేర్పాటు మంచుక్రీడకే కాదు, మైదానమున ఎగురవలసిన ఏ యాటకైనను ఉపకరించును. వాలీబాలులో వల దగ్గర ఎగిరి దిగువారికి ఆ దిగుటయే మోకాళ్ల రక్షణ. మా చిన్నవాడు గుల్మార్గు చూడలేదు. చూచునో లేదో తెలియదు. వానకాలము వచ్చినప్పుడెల్ల పలక దింపి, బోల్టులకు పట్టిన త్రుప్పు రుద్ది, బద్దలు బిగించుట వానిదే పని. రోకలి వంటింటికి తిరిగిపోయినది. గంతులు వద్దన్న నాయనమ్మ అభ్యాసవేళకు గుమ్మము ప్రక్కన పీట వేసికొని కన్నులు మూసికొని కూర్చుండును. జపము చేయుచున్నదని మొదట అనుకొంటిమి. నిన్న వాడు పెట్టెమీదనుండి దూకగానే కన్ను తెరువకయే, "చప్పుడైనది నాయనా, మరల దిగు" అనెను.